విద్యార్థులు, విద్యుత్ సిగరెట్లు

2008 మార్చిలో శంషాబాదున విమానాశ్రయము వెలసినది. విదేశములలో చదువుకొను మన పిల్లలు సెలవులకు దిగు చోటు అదియే. వారి పెట్టెలలో మిత్రులకు కానుకలు వచ్చుచుండును. వాని నడుమ కలమువంటి సన్నని వస్తువొకటి ఉండవచ్చును. దానిని గూర్చియే నేడు ముచ్చటింపదలచితిమి. అది విద్యుత్ సిగరెట్టు. విద్యార్థుల నోట 'వేప్'.

2003 ప్రాంతమున చైనాలో హాన్ లిక్ అను ఔషధశాస్త్రజ్ఞుడు తన పొగ అలవాటు మానుటకై దీనిని రూపొందించెను. ఇందు చిన్న బ్యాటరీ, వేడియగు తీగచుట్ట, పరిమళము కలిపిన ద్రవము ఉండును. ఆ ద్రవమున తరచుగా నికోటిన్ ఉండును. మా కాలమున పొగ త్రాగినవాడు ఏలకి నమలి ఇంట అడుగిడెడివాడు. అయినను తల్లి పసిగట్టెడిది. దీనికి నిప్పు లేదు, బూడిద లేదు, పాత కంపును లేదు.

కళాశాలలలో దీనిని గూర్చి మూడు మాటలు వినవచ్చును. మొదటిది: "ఇది ఉత్త ఆవిరియే కదా!" కాదు. నికోటిన్ ఏ రూపమున చేరినను అలవాటు చేయును. ఇరువదియైదేండ్ల వరకు ఎదుగుచుండు మెదడును త్వరగా లోబరచుకొనును.

రెండవది: "ఇంగ్లండులో వైద్యులే వాడుమందురు." నిజమే. కాని అది సిగరెట్టు మానలేని పెద్దలకు చెప్పిన ఉపాయము. ఎన్నడును పొగ త్రాగని పిల్లవానికి దీనివలన మేలేమి?

మూడవది: "చట్టము పీల్చువానిని శిక్షింపదు." ఇది సగము సత్యము. 2019 నాటి చట్టము వీని తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకము, పంపిణీలను నిషేధించినది. తొలి నేరమునకు ఏడాది వరకు ఖైదు, లక్ష రూపాయల వరకు జుల్మానా, లేక రెండును. స్నేహితునికై విదేశమునుండి రెండు తెచ్చినవాడు తాను కానుక తెచ్చితినని తలచును. చట్టము దృష్టిలో అది దిగుమతి. వసతిగృహమున తోటివానికి ఒకటి అమ్మినవాడు వ్యాపారియే.

తలిదండ్రులకు మా మనవి ఒక్కటి. పెట్టెలు వెదకి కేకలు వేయవలదు. దాచు విద్య మాత్రమే వృద్ధి పొందును. విమానాశ్రయమునుండి ఇంటికి వచ్చు దారిలో చల్లగా అడుగుడు. అలవాటు పడిన బిడ్డ నిజము చెప్పినచో కోపగింపకుడు. పొగాకు మానుటకు తోడ్పడు జాతీయ టెలిఫోను సహాయకేంద్రము కలదు, సంఖ్య 1800-11-2356. నిజము చెప్పగల బిడ్డ సగము గట్టెక్కినట్లే.