సాక్ష్యమే ప్రమాణము
(పఠనమందిరమున విద్యార్థుల నుద్దేశించి చేసిన యుపన్యాసము)



మేము వృత్తిచే న్యాయవాదులము. ప్రకృతిశాస్త్రమున పండితులము కాము. అయినను సాక్ష్యమును విచారించుట మా నిత్యకృత్యము గనుక, శాస్త్రపద్ధతిని గూర్చి నాలుగుమాటలు చెప్పుటకు సాహసించుచున్నాము.

ముందుగా మా తప్పు నొప్పుకొందుము. కళాశాలలో లోలకము నూపి భూమ్యాకర్షణమును కొలువవలసివచ్చెను. రావలసిన యంకె 980 అని పుస్తకమున నుండెను, మాకు రాలేదు. అంతట 980ని ముందు వ్రాసికొని, వెనుకనుండి లెక్కగట్టి, ఊపుల కాలములను పూరించితిమి. పూర్తి మార్కులు వచ్చినవి! న్యాయస్థానమున నట్టి పనికి కూటసాక్ష్యమని పేరు.

ఇక మన సికిందరాబాదున జరిగిన యొక విచారణను వినుడు. చలిజ్వరమునకు చెడుగాలియే కారణమని లోకము చిరకాలము నమ్మెను. మలేరియా యను మాటకర్థమే యది. 1880లో లావెరాన్ రోగుల రక్తమున పరాన్నజీవిని చూచెను. దానికి దోమతో సంబంధమున్నదని మాన్సన్ ఊహించెను. ఊహ ఫిర్యాదువంటిది, ఫిర్యాదు తీర్పు కాదు. సైన్యవైద్యుడు రొనాల్డ్ రాస్ 1895 మొదలు దోమలను కోసి సూక్ష్మదర్శినితో వెదకెను. రెండేండ్లు వెదకినను దొరకలేదు. దొరకినదని వ్రాసికొనను లేదు. తాను పరీక్షించినవి తగిన జాతివి కావేమో యని శంకించెను.

1897 ఆగస్టులో మచ్చలరెక్కల దోమలు చేజిక్కెను. పిల్లపురుగులనుండి పెంచినవి గనుక అవి యంతకుముందెవ్వరిని కుట్టియుండలేదు. హుసేన్‌ఖాన్ అను రోగిని వానిచే కుట్టించి, దోమకొక యణా చొప్పున నతనికిచ్చెను. 20వ తేదీన నొక దోమ కడుపుగోడలో నల్లని రేణువులుగల కణములు కనబడెను. రోగిరక్తములోని పరాన్నజీవియందుండునవియు నట్టి రేణువులే! మరునాడు మిగిలినదానిని కోయగా కణములు మరింత పెద్దవై యుండెను, అనగా పెరుగుచుండెను.

అంతటితో వ్యాజ్యెము ముగిసెనా? లేదు. దోమ రోగబీజమును పుచ్చుకొనునని తేలెనుగాని, ఇచ్చునని తేలలేదు. 1898లో కలకత్తాలో, రోగముగల పిట్టలను కుట్టిన దోమలచే ఆరోగ్యముగల పిట్టలను కుట్టించి, రోగము సంక్రమించుట నాతడు చూపెను. మనుష్యుల విషయమున నా సంవత్సరమే ఇటలీలో గ్రాసీ ప్రభృతులు నిరూపించిరి. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించెను.

న్యాయవాది యొకపక్షముననే వాదించును. శాస్త్రవిద్యార్థి యట్లుగాక, వాదియు ప్రతివాదియు న్యాయాధిపతియు తానే కావలెను. తన యూహనే ముందుగా బోనెక్కించి యడ్డుప్రశ్నలు వేయవలెను. చూచినది చూచినప్పుడే వ్రాయుడు. ఒక్కసారి కొక్క యంశమునే మార్చుడు. మరల మరల చేయుడు. మీరు చేసినట్లు మీ మిత్రుడు చేసినను అదే ఫలితము రావలెను.

శాస్త్రీయదృష్టిని, పరిశీలనాబుద్ధిని పెంపొందించుకొనుట ప్రతి పౌరుని విధి యని 1976లో మన రాజ్యాంగమున చేర్చిరి. ఆ విధి పెద్ద ప్రయోగశాలలలో గాదు, మీ ప్రాక్టికల్ నోటుపుస్తకమున ప్రారంభమగును. అచ్చట అంకె మార్చుట కలవాటుపడినవాడు రేపు ఔషధపరీక్షలోను, వంతెన లెక్కలోను మార్చడా? ఉపాధ్యాయులారా! సరియైన యంకెకుగాక, నిజమైన యంకెకు మార్కులిండు. విద్యార్థులారా! మీకు 940 వచ్చినచో 940 అనియే వ్రాయుడు. దారము కొలుచుటలో తప్పినదా, ఊపులు లెక్కించుటలో తప్పినదా యని వెదకుడు. ఆ వెదకుటయే శాస్త్రము.