మాదన్నపేటలో వినవలసినవి

ఈ రోజు మీరు న్యాయశాస్త్ర పట్టా అందుకుంటున్నారు. పరీక్షలు అయిపోయాయి. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదై సన్నదు చేతికొచ్చేదాకా మీకు కొన్ని వారాల ఖాళీ ఉంది. ఎండాకాలం కనుక హైకోర్టు కూడా సెలవుల్లో ఉంది, అత్యవసర కేసులకు వెకేషన్ బెంచీలు మాత్రమే నడుస్తున్నాయి. ఈ వారాల్లో ఏం చదవాలో మీకు చాలామంది చెబుతారు. నేను ఏం వినాలో చెప్పదలుచుకున్నాను. న్యాయవాది చదువులో సగం చెవితో సాగవలసిన చదువు. ఆ సగం మన తరగతి గదుల్లో దొరకదు. రోజూ మన చుట్టూ మోగే పాటా వాద్యమూ దాన్ని నేర్పగలవని నా వాదన. ఇది అలంకారంగా అంటున్న మాట కాదు. తన చెవికి ఎక్కనిదాన్ని చట్టం కాపాడలేకపోయిందనడానికి మన తీర్పులూ, మన చట్ట సవరణలే సాక్ష్యం.

మనం కూర్చున్న ఈ పేట పేరులోనే ఒక కేసు ఉంది. మాదన్న గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషాకు మంత్రి. 1686లో ఆయననూ, సోదరుడు అక్కన్ననూ విచారణ అన్నదే లేకుండా గోల్కొండ వీధుల్లో చంపేశారు. వాళ్ల మేనల్లుడు కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారు. వసూలైన శిస్తు సొమ్మును సర్కారు అనుమతి లేకుండా భద్రాచలం గుడికి ఖర్చు పెట్టాడన్న నేరం మీద ఆయన గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు ఉన్నాడని సంప్రదాయం చెబుతుంది. ఆయన కీర్తనల్లో ఒకటి న్యాయ విద్యార్థులు ప్రత్యేకంగా వినవలసింది. ఏ నగకు ఎన్ని మొహరీలు పట్టాయో ఆయన రాముడికి వరసగా లెక్క చెబుతాడు. దాన్ని భక్తిగీతంగానే వినడం మనకు అలవాటు. న్యాయవాది చెవితో వింటే అది ఒక నిందితుడి జవాబు పత్రం. ఖర్చు జరిగిందని ఒప్పుకుంటుంది, సొమ్ము ఎక్కడికి పోయిందో చూపిస్తుంది, తన కోసం వాడుకోలేదని చెబుతుంది. అనుమతి ఎవరిచ్చారన్న ప్రశ్నకు మాత్రం అందులో జవాబు లేదు. శిస్తు కట్టిన రైతు ఆ పాటలో ఎక్కడా కనిపించడు. పాటలోని ఆర్తికి కరిగిపోయి ఆ ప్రశ్నను మరిచిపోయినవాడు మంచి న్యాయవాది కాలేడు. ఆ ప్రశ్న ఒక్కటే పట్టుకుని ఆర్తిని వినలేనివాడూ కాలేడు. ఆ కేసు కాగితాలు ఏ ఇంట్లోనూ లేవు. ఆ పాట మాత్రం తెలుగువాళ్ల ఇళ్లలో మూడున్నర శతాబ్దాలుగా ఉంది.

ఇక మన కాలపు చట్టానికి వద్దాం. 1957 కాపీరైట్ చట్టం సంగీత కృతిని నిర్వచించినప్పుడు, అచ్చువేసిన, రాసిన, లేదా మరోరకంగా గీతల్లోకి ఎక్కిన స్వర సంపుటి అని చెప్పింది. అంటే కాగితం మీద ఉంటేనే సంగీతం. ఈ దేశంలో సంగీతం ఎక్కువ భాగం నోటా చేతా బతుకుతోందన్న సంగతి ఆ నిర్వచనానికి తెలియలేదు. డప్పు కళాకారుడు చర్మాన్ని మంట దగ్గర కాచి శ్రుతి చేసుకుంటాడు. ఒక చేత సిర్ర, మరో చేత సిటికెన పుల్ల పట్టి వాయిస్తాడు. పక్క వీధిలో ఉన్నవాళ్లు ఆ దెబ్బ విని అది పెళ్లో, చావో, జాతరో చెప్పేస్తారు. అంత స్పష్టంగా మాట్లాడే వాద్యం అప్పటి ఆ చట్టం దృష్టిలో సంగీత కృతి కాలేదు, ఎందుకంటే దానికి రాతప్రతి లేదు. నిజాం సైన్యంలో చేరిన యెమెన్ అరబ్బులు, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు ఈ నగరానికి తెచ్చిన మర్ఫా వాద్యం పరిస్థితీ అప్పుడు అంతే. ఇవాళ పాతబస్తీలో పెళ్లి బారాత్ మర్ఫా లేకుండా కదలడం అరుదు. 1977లో సినిమా సంగీతం మీద హక్కులెవరివన్న వివాదం సుప్రీంకోర్టుకు వచ్చింది. సంగీత దర్శకులు, గీత రచయితలు ఓడిపోయారు, నిర్మాతలు గెలిచారు. ఆ తీర్పుకు జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ కొన్ని పేరాలు విడిగా జోడించారు. గాయకుడి గొంతులోనే ప్రాణమున్న మన సంగీతంలో గాయకుడికి హక్కు లేకపోవడం ఏమిటని బాధపడి, పార్లమెంటు ఆలోచించాలని కోరారు. చట్టానికి అప్పటికింకా వినపడని సంగతి ఆయనకు వినపడింది. 1994లో నిర్వచనం మారింది, రాత ఉండాలన్న షరతు పోయింది, ప్రదర్శకులకు హక్కు వచ్చింది. 2012లో రచయితలు, స్వరకర్తలు ఇంకొకరికి వదులుకోలేని రాయల్టీ హక్కు చట్టంలో చేరింది. తీర్పు నుంచి అక్కడిదాకా ముప్పై అయిదేళ్లు పట్టింది. ఆ ఆలస్యంలో ఎందరు కళాకారులు ముసలివాళ్లయి, పేదరికంలోనే వెళ్లిపోయారో తలుచుకుంటే కష్టంగా ఉంటుంది. డప్పు, మర్ఫా వంటి సామూహిక కళలకు ఇవాళ్టికీ ఆ చట్టంలో సరైన చోటు లేదు. ఎవరో ఒక్కరు కర్తగా నిలబడితే తప్ప హక్కు ఎవరికివ్వాలో దానికి తోచదు. ఈ పని మీ తరం మీద ఉంది.

వినడమంటే పాటను వినడమే కాదు, మౌనాన్ని వినడం కూడా. 1985లో కేరళలో యెహోవా సాక్షులైన ఒక కుటుంబంలోని ముగ్గురు పిల్లలు బడిలో జాతీయ గీతం వేళ లేచి నిలబడ్డారు కానీ పాడలేదు. వాళ్లను బడి నుంచి పంపేశారు. హైకోర్టు వాళ్ల మొర తోసిపుచ్చింది. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టులో బిజో ఇమ్మాన్యుయేల్ కేసు తీర్పు రాసినవారు మన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసినవారు. మర్యాదగా నిలబడ్డ పిల్లల మౌనంలో అగౌరవం లేదని, గొంతు కలపమని ఏ చట్టమూ బలవంతపెట్టడం లేదని ఆయన తేల్చారు. పాడని పాటలోని అర్థాన్ని వినగలిగిన ఆ తీర్పు నాకు మన రాజ్యాంగ న్యాయశాస్త్రంలోకెల్లా సంగీతం తెలిసిన తీర్పుగా కనిపిస్తుంది.

నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. సంగీతం గురించి ఇంత మురిసిపోతున్నారు, ఈ గల్లీల్లో రాత్రి పన్నెండింటికి డీజే మోగుతుంటే గుండెజబ్బు మనిషి పరిస్థితి ఏమిటని అడుగుతారు. శబ్ద కాలుష్యంపై 2005 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వెనుక అంతకంటే భయంకరమైన సంఘటన ఉంది. పదమూడేళ్ల బాలికపై అత్యాచారం జరుగుతుంటే, ఆమె కేకలు ఇరుగుపొరుగులో మోగుతున్న లౌడ్‌స్పీకరు పాటల్లో మునిగిపోయి ఎవరికీ వినపడలేదు. ఆ సాయంత్రం ఆమె నిప్పంటించుకుని చనిపోయింది. ఆ వార్త చదివి ఒక ఇంజనీరు కోర్టుకు వెళ్లారు. సంగీతాన్ని ప్రేమించే ప్రతివాళ్లూ ఈ కేసును గుండెల్లో పెట్టుకోవాలి. అయితే ఈ అభ్యంతరం నా వాదనను పడగొట్టడం లేదు, నిలబెడుతోంది. ఆ రోజు ఆ వీధిలో పాట మోగింది కానీ ఎవరూ దేన్నీ వినడం లేదు. చెవిని మొద్దుబార్చే మోతకూ, చెవిని మేలుకొలిపే సంగీతానికీ ఉన్న తేడా అక్కడ తెలుస్తుంది.

శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకరు నిషేధం. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికుంది. శబ్దాన్ని కొలిచే మీటరుకు మతం లేదు, అది గుడి మైకునూ మసీదు మైకునూ ఒకే అంకెలో చూపిస్తుంది. ఇది గొప్ప గుణం, దీన్ని వదులుకోకూడదు. కానీ మీటరును ఏ వీధిలో, ఏ రాత్రి, ఎవరి ఊరేగింపు ముందు తీయాలో నిర్ణయించేది మనిషి. ఆ మనిషి ఒక వాద్యాన్ని సంస్కృతిగా, మరొకదాన్ని గోలగా వినడానికి అలవాటుపడి ఉంటే, నిష్పక్షపాతమైన ఆ పరికరం పక్షపాతానికి పనిముట్టవుతుంది. రెండు వాద్యాలనూ సమానంగా వినగలిగిన న్యాయవాది మాత్రమే కోర్టులో ఆ తేడా ఎత్తిచూపగలడు.

వినడం నేర్చుకోమంటే భావోద్వేగాలకు తలుపు తీయమనడమే కదా, కోర్టుకు కావలసింది సాక్ష్యమే కదా అని మరొకరు అడుగుతారు. చట్టమే ఇందుకు జవాబు చెబుతోంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 18వ ఆర్డరు 12వ నియమం, సాక్షి వాంగ్మూలం ఇచ్చేటప్పుడు అతని తీరు గురించి అవసరమనుకున్నది నమోదు చేసే అధికారం న్యాయమూర్తికి ఇచ్చింది. మాట ఎక్కడ ఆగింది, గొంతు ఎక్కడ తగ్గింది అన్నవి టైపు చేసిన కాగితంలో ఉండవు. పాతబస్తీ సాక్షి దక్కనీలో 'హౌ' అన్నాడంటే అది ఒప్పుకోలో, వింటున్నానన్న ఊకొట్టడమో, విసుగో స్వరాన్ని బట్టి తెలియాలి. అది తెలుగులోకీ, అక్కణ్నుంచి ఇంగ్లిషులోకీ మారి రికార్డులో 'అవును' అయి కూర్చుంటుంది. తడబాటును అబద్ధంగా పొరబడే ప్రమాదం ఉన్నదీ నిజమే. భయపడిన నిజం కూడా తడబడుతుంది. అందుకే చెవికి సాధన కావాలంటున్నాను. ఉర్దూలో విచారణను సున్‌వాయీ అంటారు, అంటే వినడం. నిజాం కాలంలో మూసీ ఒడ్డున హైకోర్టు ఉర్దూలో నడిచింది, ఈ పేటలో ఆ మాట ఇప్పటికీ చెల్లుతోంది. తెలుగు 'విచారణ'లో ఆలోచన ఉంది. ఆ రెండు మాటలూ తెలిసిన నగరంలో మీరు వకీళ్లవుతున్నారు, అది మీ అదృష్టం.

మొదటి ఏళ్లలో జూనియర్లకు వచ్చే డబ్బు ఎంత తక్కువో, ఇంటి అద్దె ఎంతో నాకు తెలుసు. నేను అడుగుతున్నది ఖర్చు లేని పని. కచేరీ టిక్కెట్టు అవసరం లేదు, రాగాల పేర్లు తెలియనక్కర్లేదు. త్వరలో ఆషాఢం వస్తుంది. గోల్కొండలో మొదలైన బోనాలు సికింద్రాబాద్ మీదుగా లాల్‌దర్వాజాకు చేరతాయి. ఈలోగా ఒక పొద్దున మాదన్నపేట మండీలో కూరగాయల కేకలు వింటూ ఈద్గా దాకా నడవండి, పెళ్లి ఊరేగింపు ఎదురైతే దారివ్వడంతో సరిపెట్టక కాసేపు ఆగి వినండి. రేపు మీ దగ్గరకు శబ్దం గురించిన మొదటి కేసు వచ్చినప్పుడు, డప్పు వాయించే మనిషినీ, పక్కింట్లో నిద్రలేని మనిషినీ ఒకే గదిలో కూర్చోబెట్టండి. ఇద్దరి మాటా పూర్తయ్యేదాకా పెన్ను తీయకండి.