సర్వరు యంత్రముల కునుకు

అక్కరలేని దీపమును ఆర్పివేయుట ప్రతి యింటను ఉన్న అలవాటే. కాని పని లేనపుడు కూడ ఆర్పివేయుటకు వీలులేని యంత్రములు కొన్ని కలవు. సర్వరు కంప్యూటరు అట్టిది. రైలు టికెట్టు కొన్నను, బ్యాంకు నిలువ చూచుకొన్నను, పరీక్షాఫలితము వెదకినను, ఎక్కడనో ఒక సర్వరు మనకు బదులు చెప్పుచున్నది. ప్రశ్న ఏ అర్ధరాత్రి వచ్చునో తెలియదు గనుక అది సదా సిద్ధముగా ఉండవలెను. ఈ మెలకువకు అగు వ్యయమును, దానిని తగ్గించు ఉపాయములను గూర్చి నేడు మనవి చేయుదుము.

లాలాగూడ వారికి ఈ చిక్కు కొత్తది కాదు. 1893లో రైల్వే కర్మాగారము వెలసిన చోటు అది. ఆవిరి యింజనుల కాలమున, బండి లేని వేళ కూడ యింజనులో నిప్పును పూర్తిగా ఆర్పక, అణచి నిలిపి ఉంచెడివారు. చల్లారిన బాయిలరులో మరల ఆవిరి పుట్టుటకు గంటలు పట్టును గదా! కదలక నిలిచిన యింజను సైతము బొగ్గు తినుచునే యుండెడిది.

సర్వరు స్థితియు ఇట్టిదే. గూగుల్ సంస్థకు చెందిన బరోసో, హోల్జ్‌లే అను ఇంజనీర్లు 2007లో ఒక వ్యాసమున ఈ సంగతి వెల్లడించిరి. సర్వరులు చాలవరకు తమ సామర్థ్యములో నూటికి 10 మొదలు 50 పాళ్ల వరకే పని చేయుచుండెను. ఏ పనియు లేని సర్వరు కూడ నిండుపనికి వలయు విద్యుత్తులో సుమారు సగము వాడుకొనుచుండెను. నిండుపనిలో 400 వాట్లు తీసికొను యంత్రము ఊరక 200 వాట్లు తీసికొనుచున్నదనుకొందము. రాత్రి 12 గంటలలో అది 2.4 యూనిట్లు. అందు సగము మిగిల్చినను, ఏడాదికి ఒక్క యంత్రముపై 438 యూనిట్లు మిగులును.

ఎట్లు మిగుల్చుట? ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు 1996లో ఏసీపీఐ అను ఉమ్మడి కట్టుబాటును ప్రకటించినవి. దాని వలన యంత్రమును నడుపు ఆపరేటింగ్ సిస్టమే విద్యుత్తు వాడకమును అదుపు చేయ వీలైనది. ఇందు రెండు మార్గములు ముఖ్యములు. మొదటిది వేగమును, దానితోపాటు వోల్టేజిని తగ్గించుట. ప్రాసెసరు పని చేయుటకు ఖర్చగు విద్యుత్తు వేగమును బట్టియు, వోల్టేజి వర్గమును బట్టియు మారును. కావున రెంటిని పదవ వంతు తగ్గించిన, ఆ ఖర్చు నూటికి 27 పాళ్లు తగ్గును. రెండవది, పని లేని ప్రాసెసరు భాగములకు కునుకు పట్టించుట. తేలిక కునుకునుండి అవి సెకనులో లక్షవ వంతు లోపలనే లేచును. గాఢమైన కునుకునుండి లేచుటకు సుమారు పదివేలవ వంతు పట్టవచ్చును. మనిషి కంటికి ఈ జాగు తెలియదు. కాని క్షణమునకు వేలకొలది చిన్న లావాదేవీలు జరుగు చోట ఇవి కూడి బరువగును.

కునుకు వేరు, పూర్తిగా ఆర్పుట వేరు. ఆర్పిన సర్వరు తిరిగి లేచుటకు నిమిషములు పట్టును. కాబట్టి పనిని బట్టి ఏర్పాటు ఉండవలెను. తార్నాక పరిసరములలో భూభౌతిక పరిశోధన సంస్థ, సీసీఎంబీ, ఉస్మానియా విశ్వవిద్యాలయము వంటివి కలవు. ఇట్టి చోట్ల పనులు ఒక్క తీరువి కావు. భూకంపమాపకములనుండి సమాచారము అందుకొను యంత్రమును ఆర్పరాదు. తేలిక కునుకు దానికి చాలును. జన్యుక్రమములను పోల్చు దీర్ఘగణనలు ముగిసిన పిమ్మట ఆ యంత్రములను ఆర్పినను నష్టము లేదు. ఫలితములు వెలువడు దినమున వేగము కోరు సర్వరు మిగిలిన దినములలో నెమ్మదిగా నడువవచ్చును.

చిక్కెక్కడనన, యంత్రమును అమర్చిన నాడు బయాస్ పట్టికలో ‘గరిష్ఠ వేగము’ అని ఎంచి, పిమ్మట ఎవ్వరును ఆ వంక చూడకపోవుటలో. ప్రపంచమున డేటా కేంద్రములు 2024లో సుమారు 41,500 కోట్ల యూనిట్లు వాడినవని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. అది మొత్తము విద్యుత్తులో నూటికి ఒకటిన్నర పాళ్లు. అమెజాన్ సంస్థ 2022లో హైదరాబాదు ప్రాంతముననే అట్టి కేంద్రములను తెరచినది.

సర్వరులను చూచుకొను ఉద్యోగులు మీ యిండ్లలో ఉన్నచో ఒక్క మాట అడుగుడు: ‘రాత్రివేళ మీ యంత్రమునకు పని యెంత? అది ఎంత త్వరగా లేవవలెను?’ ఈ రెండు ప్రశ్నలకు బదులు తెలిసిన, తగిన ఏర్పాటు ఏదియో తేలును. యంత్రము మారనక్కరలేదు, కొత్త ఖర్చు లేదు.