గోదావరి ఒకటే, బోర్డులు వంద

ఈరోజు ఎపిసోడ్‌లో పాపికొండల గురించి మాట్లాడుకుందాం. అందాల గురించి వీడియోలు చాలానే ఉన్నాయి. నేను చెప్పేది ఆ నది మీద బతికే చిన్న వ్యాపారాల గురించి.

ముందు ఒక ప్రశ్న. పాపికొండలు ట్రిప్‌కి మీరు డబ్బులు ఎవరికి కట్టారు? బోటు వాళ్లకి. టిఫిన్, భోజనం మామూలుగా ఆ టికెట్‌లోనే వచ్చేస్తాయి. పొద్దున ఎక్కుతాం, గండిపోచమ్మ గుడి చూస్తాం, పేరంటాలపల్లిలో శివాలయానికి వెళ్తాం, అక్కడ కొండరెడ్లు అమ్మే వెదురు వస్తువు ఒకటి కొంటాం. సాయంత్రం దిగి కారెక్కేస్తాం. రోజంతా గోదావరి మీద గడిపినా, ఒడ్డున ఉన్నవాళ్లకి మన నుంచి వెళ్లింది ఆ వెదురు వస్తువు ఖరీదే!

ఇప్పుడు మ్యాప్ తెరవండి. ధవళేశ్వరంలో కాటన్ బ్యారేజీ, మ్యూజియం ఉన్నాయి. కడియంలో నర్సరీలు. ఆత్రేయపురంలో, 2023లో జీఐ ట్యాగ్ వచ్చిన పూతరేకులు. అన్నీ రాజమండ్రికి దగ్గరే. కానీ బోటు టికెట్ అమ్మేవాళ్లు పూతరేకుల మాట ఎత్తరు, నర్సరీ వాళ్లు బోటు టైమింగ్స్ చెప్పరు. ఎవరి బోర్డు వాళ్లదే.

వీళ్లంతా కలిసి రెండు రోజుల ట్రిప్‌గా చూపిస్తే, వచ్చినవాళ్లు ఒక రాత్రి ఆగుతారు. ఆ ఒక్క రాత్రితో లాడ్జికి, హోటల్‌కి, ఆటోకి బేరం. ఇంకోటి, వరద వస్తే బోట్లు ఆగిపోతాయి, ఆగాల్సిందే. కానీ వానాకాలం అంటే మొక్కలు నాటే సీజన్, నర్సరీలకి పని ఉంటుంది. బోటు లేదని ఫోన్ పెట్టేసే బదులు, ఆ కస్టమర్‌ని కడియం పంపించొచ్చు కదా?

"పక్క బోటు వాడు నాకు పోటీ కదండీ" అంటారు. నిజమే. కానీ వీకెండ్‌కి హైదరాబాద్ వాళ్లు గోవాకో, అలెప్పీకో టికెట్ తీస్తున్నారు చూడండి, అసలు పోటీ అది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. 2019 సెప్టెంబర్ 15న, గోదావరి వరద మీద ఉన్నప్పుడు, కచ్చులూరు దగ్గర ఒక బోటు మునిగిపోయింది. ఎన్నో కుటుంబాలు అయినవాళ్లని పోగొట్టుకున్నాయి. ఆ తర్వాత జాగ్రత్తగా నడిపే బోట్లు కూడా ఆగిపోయాయి. మా సాఫ్ట్‌వేర్ వాళ్లు దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటారు. ఒక్కచోట తేడా వస్తే మొత్తం సిస్టమ్ డౌన్.

అందుకే చేతులు కలపడం అంటే కలిసి ఫ్లెక్సీ కట్టడం ఒక్కటే కాదు. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కించే బోటుకి, వరద హెచ్చరిక ఉన్నా కదిలే బోటుకి ఆ ఉమ్మడి లిస్టులో చోటు ఉండకూడదు. అధికారుల తనిఖీ ఎలాగూ ఉండాలి. కానీ పక్క బోటులో ఏం జరుగుతోందో రేవులో ఉన్నవాళ్లకే ముందు తెలుస్తుంది.

దీనికి పెద్ద యాప్ అక్కర్లేదు, నేను సాఫ్ట్‌వేర్ వాణ్నే, నమ్మండి. ఒక వాట్సాప్ గ్రూప్, అందరి నంబర్లూ ఉన్న ఒక కార్డు, నెలకి కొంచెం చందా, అందరి ముందూ రాసే లెక్క. మన డ్వాక్రా అక్కాచెల్లెళ్లు ఎప్పుడో చేసి చూపించిన పద్ధతే ఇది.

మీ ఊళ్లో చెరువో, నదో ఉందా? అక్కడ మొదట ఎవరెవరు కలవాలి? కామెంట్స్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.