వెనక్కి తిప్పి చూడండి

రెండు పాత బేస్‌బాల్ కార్డులు మీ చేతికిచ్చారనుకోండి. అదే ఆటగాడు, అదే ఫొటో. రెండూ అమెరికా టాప్స్ కంపెనీవే అని తొందరపడకండి, వెనక్కి తిప్పండి. ఇంగ్లిష్ పక్కనే ఫ్రెంచి కూడా ఉంటే అది కెనడాది. ఆంటారియోలోని లండన్‌లో (అవును, అక్కడా ఒక లండన్ ఉంది) ఓ-పీ-చీ అనే మిఠాయి కంపెనీ టాప్స్ అనుమతితో వేసింది. 1970 నుంచి రెండు భాషలూ. అంచులు తరచుగా గరుకుగా తెగి ఉంటాయి. టాప్స్ కార్డు వచ్చాక ఆటగాడు జట్టు మారితే, ఆ ముక్క కూడా కొన్ని కార్డుల మీద అచ్చేసేవారు. నాకైతే ఆ చిన్న సవరణే ముచ్చటేస్తుంది.

వెనిజులాలో వచ్చిన టాప్స్ కార్డుల సంగతి వేరు. 1960లలో అక్కడి పిల్లలు చాలావాటిని ఆల్బమ్‌లలో జిగురుతో అతికించేశారు. వెనకవైపు చెదరని కార్డు దొరకడం గగనమే.