కబురు అందినదా?



1922 అక్టోబరులో అల్లూరి సీతారామరాజు అడ్డతీగల పోలీసు ఠాణాపైకి ముందుగా కబురంపి మరీ వచ్చెను. కబురందిన పోలీసులు ఆయుధములను దాచివేసిరి. దారిలో టపా మోయువాడు ఆ కబురును తన సంచిలోనే ఉంచుకొన్నాడనుకొనుడు; ఠాణావారు ఏమి చేయుదురో మనకెట్లు తెలియును?

కంప్యూటరులో ఆ నడిమివాడే డీబగ్గరు. తప్పులు వెదకుటకై అది వేరొక ప్రోగ్రామును తన కనుసన్నలలో నడపును. ఆపరేటింగ్ సిస్టము ఆ ప్రోగ్రామునకు పంపు సిగ్నలు ముందుగా దీని చేత బడును. ప్రోగ్రామును ఆపవలెనా, మనిషికి తెలుపవలెనా, సిగ్నలును లోనికి అందింపవలెనా, మూడును ఇదియే తేల్చవలెను. జీడీబీ యను డీబగ్గరు అలారము సిగ్నలును మామూలుగా చప్పుడు చేయక అందించును. కంట్రోల్-సీ నొక్కినచో మాత్రము ప్రోగ్రామును ఆపి, సిగ్నలును తనయొద్దనే ఉంచుకొనును. న్యాయమే, ఆ పిలుపు తనకే గదా!

అందింపవలసినదానిని మ్రింగివేసినచో, పరిశీలకుడు లేని తప్పునకై ప్రోగ్రామంతయు గాలించును. అందుచే జీడీబీతోపాటు ఒక పరీక్షయు కలదు. చిన్న ప్రోగ్రామొకటి ఒక్కొక్క సిగ్నలును తనకు తానే పంపుకొనును. డీబగ్గరు దాని పేరు సరిగా ప్రకటించెనా, కొనసాగించినపిమ్మట సిగ్నలు ప్రోగ్రామునకు చేరెనా యని పరీక్ష చూచును. లినక్సులో సాధారణ సిగ్నళ్లు 31. వానిలో కిల్, స్టాప్ అను రెంటిని ప్రోగ్రాము తాను అందుకొనజాలదు. తక్కినవానిని చేతితో పరీక్షించువాడు పదవదానికే ఆవులించును గనుక ఈ పనిని యంత్రమునకే అప్పగించిరి.