చక్రాన్ని నమ్మని బండి

అంగారకుడి మీద జీపీఎస్ లేదు. మరి అక్కడ తిరిగే రోవర్‌కు తానెంత దూరం వచ్చిందో ఎలా తెలుస్తుంది? చక్రాల చుట్లు లెక్కపెట్టవచ్చు. కానీ ఇసుక వాలులో చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగితే ఆ లెక్క నీళ్లపాలే.

అందుకే 2004లో దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్లకు నాసా ఇంజనీర్లు కెమెరాతో దూరం కొలవడం నేర్పారు. బండి కాస్త కదిలి, ఆగి, ఫొటో తీస్తుంది. ముందు ఫొటోలోని రాళ్ల మొనలు కొత్త ఫొటోలో ఎటు జరిగాయో కంప్యూటర్ వెతుకుతుంది. జంట కెమెరాలు కాబట్టి ఒక్కో రాయి ఎంత దూరంలో ఉందో కూడా తెలుస్తుంది. దాన్నిబట్టి బండి ఎంత కదిలిందో, ఎటు తిరిగిందో తేలుతుంది.

చిక్కల్లా రాయీ రప్పా లేని నున్నటి ఇసుకతోనే. అక్కడ పోల్చుకోవడానికి ఏముంటుంది? 2012లో దిగిన క్యూరియాసిటీకి ముచ్చటైన ఉపాయం చేశారు. చక్రాలకు కంతలు పెట్టారు. ఇసుకలో పడే ఆ అచ్చును మోర్స్ కోడ్‌లో చదివితే జేపీఎల్ అని వస్తుంది. రోవర్‌ను తయారుచేసిన ప్రయోగశాల పేరన్నమాట! రోవర్ వెనక్కి చూసి తన జాడల్నే గుర్తులుగా వాడుకుంటుంది.

అంగారకుడి మీదే ఎగిరిన ఇన్‌జెన్యుటీ హెలికాప్టర్‌కు ఆ వీలు లేకపోయింది. గాల్లో ఎగిరేదానికి జాడలెక్కడివి? 2024 జనవరిలో, 72వసారి ఎగిరినప్పుడు, కింది ఇసుకలో దాని కెమెరాకు సరైన ఆనవాళ్లు దొరకలేదు. వేగం అంచనా తప్పి, దిగడంలో రెక్కలు దెబ్బతిన్నాయని ఇంజనీర్లు తేల్చారు. ఆ తర్వాత అది మళ్లీ ఎగరలేదు.